మెడదాకా పెట్రోలు

"ఇది మూడోసారి!" అంటూ పళ్ళ డాక్టరు కారు తాళాలు నా బల్ల మీద పడేసింది. "నిన్న పెట్రోలు కొట్టించాం. ఈరోజు పొద్దున్నే మళ్ళీ ఇంజిన్ లైటు వెలిగింది. అసలు మీకు రిపేరు వచ్చా, రాదా?"

ఏ మెకానిక్కుకైనా ఒళ్ళు మండాల్సిన మాట అది. నా మొహం మాత్రం చాటంత అయింది. బయట వాన దంచుతోంది, ఆమె జుట్టంతా తడిసిపోయింది. కంగారులో చేతికందిన తువ్వాలు ఇచ్చాను. ఆమె మొహం తుడుచుకున్నాక గుర్తొచ్చింది, అది గ్రీజు తువ్వాలని.

"ఏంటలా చూస్తున్నారు?"

"బుగ్గ మీద కొంచెం నల్లగా... ఏం లేదండీ, బాగానే ఉంది."

ఆమె సైడు అద్దంలో చూసుకుని నన్ను నమిలేసేలా చూసింది.

మొదటిసారి పెట్రోలు మూత వదులుగా ఉందని బిగించాను. రెండోసారి మూతే మార్చాను. రెండుసార్లూ "ఇక రాదండీ, నాదీ పూచీ" అని గొప్పలు పోయాను.

"నిజం చెప్పండి. నేను మళ్ళీ మళ్ళీ రావాలని మీరే ఏదో చేసి పంపిస్తున్నారా?"

"మీరు రావాలని ఉంది. దానికోసం బండి పాడుచేసేంత వెధవని కాదు."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆమె వానకేసి తిరిగింది. అటే చూస్తూ మెల్లగా అంది.

"నాన్న మీ మీద మండిపడుతున్నారు. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషి. ఈసారి బాగుపడకపోతే మీ షెడ్డు గడప తొక్కొద్దన్నారు. నాకేమో..."

"మీకేమో?"

"ముందు బండి చూడండి సార్!"

బండి కిందికి దూరాను. ట్యాంకులో పుట్టే పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచడానికి బొగ్గు నింపిన డబ్బా ఒకటుంటుంది. దాని గొట్టం ఊడదీయగానే పెట్రోలు నా చొక్కా మీద బొటబొటా కారింది. ఆవిరి మాత్రమే వెళ్ళాల్సిన చోటికి పెట్రోలు ఎలా వచ్చిందో అంతుపట్టలేదు. కొత్త డబ్బా బిగించి అడిగాను.

"పెట్రోలు ఎవరు కొట్టిస్తారు?"

"నాన్నే. ఆ పని ఇంకెవర్నీ చెయ్యనివ్వరు."

"ఈసారి నన్నూ తీసుకెళ్ళండి."

ఆదివారం ముగ్గురం బంకుకి వెళ్ళాం. ఆయన నన్ను ఎగాదిగా చూసి పలకరించకుండానే దిగారు. ట్యాంకు నిండింది, పైపు టక్కుమని ఆగిపోయింది. బంకువాడు తీసెయ్యబోయాడు.

"ఆగింది కదాని వదిలేస్తావా? పట్టు!" అని ఆయన రెండు చేతులూ బండికి ఆనించి ఊపడం మొదలుపెట్టారు. "లోపల గాలి పోవాలి. ఊఁ, ఇంకొంచెం కొట్టు. ఇంకొంచెం!"

పెట్రోలు మూతి దగ్గర తళతళలాడేదాకా వదల్లేదు.

"చూశావా, మెడదాకా! ట్యాంకు నింపడమంటే ఇదీ. బస్సు దార్లో ఆగితే యాభై మంది నోట్లో పడాలి. నా సర్వీసులో ఒక్కసారీ ఆగలేదు."

నాకు విషయం అర్థమైంది. "ఏదో వైరు తెగింది సార్" అంటే చాలు, ఆయన చల్లబడతారు. కొత్త డబ్బా ఈ ఒక్కసారికి తట్టుకున్నా, నెల తిరక్కుండా లైటు వెలుగుతుంది, ఆమె మళ్ళీ వస్తుంది. నోటిదాకా వచ్చింది ఆ మాట. ఆమె నావైపే చూస్తోంది, పూర్తి నమ్మకంతో.

"సార్, తప్పు బండిది కాదు. మీదే."

ఆయన ఒంటికాలి మీద లేచారు. "నువ్వు పుట్టకముందు నుంచీ స్టీరింగ్ పట్టినవాణ్ణిరా నేను!"

"మీ బస్సుకి ఆవిరి పట్టే డబ్బా లేదు సార్. దీనికుంది. టక్కుమన్నాక ఇంకా కొడితే పెట్రోలు పోయి అందులో పడుతుంది, లైటు వెలుగుతుంది."

"అమ్మాయ్, ఎక్కు!"

ఆమె ఏదో చెప్పబోయింది. ఆయన వినలేదు. బండి వెళ్ళిపోయింది, నేను బంకులోనే మిగిలిపోయాను. అప్పుడే వాన మొదలైంది.

ఐదు వారాలు ఆమె జాడ లేదు. లైటు వెలగట్లేదన్నమాట. పని బాగా చేసినందుకు నా అంతగా ఏడ్చిన మెకానిక్కు ఇంకెవడూ ఉండడు. నోరు మూసుకుంటే నా సొమ్మేం పోయేదని రోజూ తిట్టుకున్నాను.

ఒక పొద్దున షెడ్డు ముందు ఆ బండి ఆగింది. ఆయన ఒక్కరే దిగి లోపలికొచ్చారు.

"నాలుగుసార్లు కొట్టించాను. టక్కుమనగానే ఆపాను. లైటు రాలేదు."

"సంతోషం సార్."

"నీకు సంతోషమే. ఇంట్లో నా పరువేం కాను?" కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సంబంధాలని వచ్చినవాళ్ళంతా నేను ఏది చెబితే దానికి తలూపినవాళ్ళే. మొహమ్మీద తప్పు మీదే అన్నవాడివి నువ్వొక్కడివి. నిన్ను వానలో వదిలేశానని అది నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. బండిలోనే ఉంది. వెళ్ళు, నేనిక్కడ కూర్చుంటా."

చేతులు తుడుచుకుంటూ బండి దగ్గరికి వెళ్ళాను. ఆమె అద్దం దించింది.

"నాన్న ఏమన్నారు?"

"మీతో మాట్లాడమన్నారు."

"మాట్లాడండి మరి."

"మీరంటే నాకిష్టం. బండి బాగున్నా సరే, రోజూ మీరు కనిపించాలి."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే నవ్వేసింది. "ఫోన్ చేసి చెప్పడానికేం?"

"కోపంగా ఉన్నారేమోనని..."

"కోపమే! నిజాలన్నీ ముందు మా నాన్నకి చెప్పారని." పక్క తలుపు తెరిచింది. "ఎక్కండి."

ఎక్కాను. ఇంతలో షెడ్డులోంచి ఆయన గొంతు ఖంగుమంది.

"ఇదిగో, ఎవరో బండి తెచ్చారు! మా అల్లుడు బయటికెళ్ళాడు, కాసేపు కూర్చోండని చెప్పేదా?"

"చెప్పండి నాన్నా!" అంది ఆమె, నేను నోరు తెరిచేలోపే.