మేడ గదిలో గెంతిన అంకెలు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ చీరల షాపు పైన ప్రైవేటు డిటెక్టివ్ సాంబమూర్తి ఆఫీసు. ఆయన ముక్కు గురించి అసిస్టెంటు సిద్ధిరాములు చెప్పేది వింటే, కోఠీలో ఎవరో ఉల్లిపాయ కోస్తే ఇక్కడ ఆయనకు కళ్ళు మండుతాయని నమ్మి తీరాల్సిందే. పోచంపల్లిలో మగ్గం వదిలి వచ్చిన సిద్ధిరాములు ఆరేళ్ళుగా ఆ ముక్కుకు భక్తుడు.

ఆ గురువారం పొద్దున మెట్లెక్కి వచ్చిన అమ్మాయి కుర్చీలో కూర్చోకముందే ఏడ్చేసింది.

"నా పేరు సింధూరండీ. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టరు. రేపు సాయంత్రంలోగా ప్రాజెక్టు ఇచ్చెయ్యాలి. మా గైడు శేషారత్నం మేడం సంతకం పెట్టనంటున్నారు. అంకెలన్నీ నేనే కల్పించానట! సంతకం లేకపోతే ఏడాది పోతుందండీ."

మట్టిలోంచీ రాతిలోంచీ ఆకాశంలోంచీ వచ్చే రేడియేషన్ ప్రతి ఇంట్లోనూ కాస్తో కూస్తో ఉంటుంది. గైగర్ కౌంటర్ అనే పెట్టె దాన్ని టక్కుటక్కుమని లెక్కపెడుతుంది. సైదాబాద్‌లో కొలిచినా, పెద్ద అంబర్‌పేట్‌లో కొలిచినా నిమిషానికి ముప్ఫై టక్కులే. ఎల్బీనగర్‌లో సింధూర అద్దెకుంటున్న గదిలో మాత్రం, మూడు నెలలుగా రోజూ సాయంత్రం ఆరింటికి చూస్తే, మామూలుగా అరవై. కొన్ని రోజులు ఉన్నట్టుండి ముప్ఫై.

"ఆ కౌంటర్ మా క్లాసు గౌతమ్ కూడా వాడతాడండీ. వాడే ఏదో కెలికుంటాడు."

సాంబమూర్తి నోటుపుస్తకం తిరగేశాడు. "నడుమ ఈ మూడు వారాలూ ఒక్కరోజైనా తగ్గలేదేమ్మా?"

"లేదండీ. వరసగా అరవయ్యే."

"పద, గది చూద్దాం."

ఎల్బీనగర్ ఇంటి కింద ఇంటావిడ లలితమ్మ టెంట్ హౌస్. కుర్చీల గుట్టల్లోంచి దారి చేసుకుని మేడెక్కేసరికి సిద్ధిరాములుకు ఎవరెస్టు ఎక్కినంత ఆయాసం. పైన రేకుల గది ఒకటే. నడుమ చెక్కల అడ్డుగోడ. ఇటు సింధూర, అటు సామాను. చెక్కల సందులోంచి చూస్తే పెట్రోమాక్స్ లైట్లు, వాటి పక్కన గోడకు ఆనించి ఓ రేకు పెట్టె. గోడకు ఇవతల, సరిగ్గా అక్కడే, సింధూర బల్ల.

"ఈ లైట్లు ఇంకా ఎవరడుగుతారమ్మా?" అన్నాడు సాంబమూర్తి.

"ఏంది సార్ గట్లంటరు?" లలితమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "పెండ్లి ఊరేగింపుల ఫోటోలు మంచిగొస్తయని అందరు గివే అడుగుతున్నరు. మూడింటికి ట్రాలీ ఎక్కినయంటే తెల్లారే వాపసు."

"ఆ పెట్టె?"

"మాంటిళ్ళు. లైటు లోపల మంట మీద కట్టే తెల్ల జాలీ సంచులు. తొవ్వల గుంతలకు రాలిపోతయి గద, అందుకే పెట్టె గూడ ఎంబడే పోతది. ఐదొందలుంటయి."

"వ్యాపారం బాగుందన్నమాట."

"ఏం బాగు సార్! నడుమ మూఢమొచ్చి పెండ్లిళ్ళు లేక ఇరవై దినాలు ఈగలు తోలినం."

ఆఫీసుకు రాగానే సాంబమూర్తి పంచాంగం తెమ్మన్నాడు.

"మంచిరోజు చూసి దొంగను పట్టుకుంటరా సార్?"

"ముందు దొంగున్నాడో లేడో చూడనీ."

ఆయన పెళ్ళిసంబంధాలు కుదిర్చేవాడిలా పంచాంగం పక్కన సింధూర పుస్తకం పెట్టుకుని టిక్కులు కొట్టుకుంటూ పోయాడు. సిద్ధిరాములుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైనట్టు మాత్రం నాలుగుసార్లు తలాడించాడు.

శుక్రవారం రెండింటికి అందరూ మేడ గదిలో చేరారు. శేషారత్నం మేడం మూతి బిగించుకుని కూర్చున్నారు. గౌతమ్ గుమ్మంలో ముఖం ముడుచుకుని నిలబడ్డాడు. బల్ల మీద కౌంటర్ టక్కుటక్కుమంటోంది. అరవై.

"మేడం, ఈ అమ్మాయి అంకెలు కల్పిస్తే పంచాంగం చూసి కల్పించి ఉండాలి," అన్నాడు సాంబమూర్తి. "లెక్క తగ్గిన పందొమ్మిది రోజులూ పెళ్ళి ముహూర్తాలే. మూఢంలో ఒక్కరోజూ తగ్గలేదు."

"రేడియేషన్‌కి ముహూర్తాలేమిటండీ?" మేడం విసుక్కున్నారు.

"దానికి లేవు. లలితమ్మగారి పెట్టెకున్నాయి. సిద్ధిరాములూ, గోడవతల ఆ పెట్టె కిందికి దించు."

సిద్ధిరాములు దించాడు. టక్కులు పలచబడ్డాయి. ముప్ఫై. ఎక్కించాడు. అరవై. మేడం నమ్మలేక మళ్ళీ దించమన్నారు, మళ్ళీ ఎక్కించమన్నారు. నాలుగో విడతకు సిద్ధిరాములు మెట్లమీద కూలబడి, "జర నా గుండె గూడ లెక్కపెట్టున్రి మేడం, నూట ఎనభై ఉంటది," అన్నాడు.

శేషారత్నం మేడం లేచి నిలబడ్డారు. "థోరియం! వెలుగు ఎక్కువ రావాలని కొన్ని మాంటిళ్ళలో కలుపుతారు. అది రేడియేషన్ ఇస్తుంది. నాకు తట్టనే లేదు."

లలితమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో, నా ఇంట్ల బాంబు పెట్టుకున్ననా?"

"బాంబు కాదమ్మా. ఈ కాస్తకు పరేషాన్ కావద్దు. అయినా మనిషి పడుకునే చోటు పక్కన వద్దు, కింద మూల గదిలో పెట్టండి. మాంటిలు విరిగితే ఆ దుమ్ము పీల్చొద్దు," అన్నారు మేడం.

సింధూర గౌతమ్ వైపు తిరిగింది. "సారీరా."

"ఆ కౌంటర్ ఆన్ చెయ్యడానికే నాకు అరగంట పడుతుంది. ఇక కెలకడం కూడానా!" అన్నాడు గౌతమ్. అందరూ నవ్వారు, మేడంతో సహా.

తర్వాత ఆవిడ నవ్వాపేశారు. "మూడు నెలల్లో ఒక్కసారైనా వచ్చి ఈ గది చూడాల్సింది. చూడకుండానే నిన్ను అబద్ధాలకోరువన్నాను. ఈ పెట్టె సంగతి ఒక పేజీ రాసి చేర్చు. నీ ప్రాజెక్టులో అసలు విషయం అదే." బల్ల మీద కాగితం జరుపుకుని సంతకం పెట్టారు.

సింధూర ఆ సంతకాన్ని రెండుసార్లు చదివింది. ఊపిరి పొడుగ్గా వదిలి కింద చతికిలబడింది. అప్పుడు గుర్తొచ్చినట్టు అంది:

"లలితమ్మగారూ, ఆకలేస్తోందండీ."

"మూడు దినాల సంది తినవెడ్తే తిననన్నవు గదనే!" అంటూ లలితమ్మ కిందికి పరుగెత్తింది.