రుక్కమ్మ ఇచ్చిన రేకు డబ్బా

హరీశ్‌ను చంపినవాళ్లు తలుపు పగలగొట్టలేదు. మర్యాదగా కార్డ్ తాకించి లోపలికి వచ్చారు. జగిత్యాల సేఫ్ హౌస్ కార్డ్ అతని జేబులోనే ఉంది. దాని డేటాను మాత్రం ఎవరో పక్కన కూర్చుని గాల్లోంచే లాగేశారు.

ఏజెంట్ ఒవైస్ శవాన్ని చూశాడు, సంతకం పెట్టాడు, టీ తాగాడు. చక్కెర వేశారో లేదో కూడా తెలియలేదు. ఆరేళ్ల జోడీ పోతే మనిషన్నవాడు ఏడవడూ! ఇతనికి చీమ కుట్టినట్టయినా లేదు. హరీశ్ క్యాంటీన్ కార్డ్ ఒకటి ఇతని దగ్గర ఉండిపోయింది. వాపసు ఇవ్వబుద్ధి కాక చొక్కా జేబులోనే ఉంచుకున్నాడు.

నెల తిరక్కముందే చీఫ్ గోవర్ధన్ పిలిచాడు.

"ఆపరేషన్ తునికాకు. విదేశీ ముఠాకు కార్డులు కాపీ కొట్టే దొంగ రీడర్లు చేసిచ్చిన మెకానిక్ జలపతి అప్రూవర్ అయిండు. సిరిసిల్లల మరమగ్గాల షెడ్డు వెనుక దాచినం. రేపు సాక్ష్యం. పోయి తీస్కరా."

"తలుపు?"

"ఒక్కటే కార్డ్. గిది కాపీ అయితే హరీశ్ లెక్కనే జలపతి ఖతం."

హైదరాబాద్ ఆఫీసు స్టార్ ఏజెంట్ మాధవి నల్ల కళ్లద్దాలు తీసింది. ఆమె కంటే ముందే ఆమె సెంటు గదిలోకి వచ్చింది. ఒవైస్‌కు ఒక వాలెట్ అందించింది.

"సిగ్నల్ బ్లాక్ చేసే లైనింగ్ ఉంది. కార్డ్ ఇందులో పెట్టుకోండి. నేనూ వస్తున్నాను."

దారిలో కోరుట్లలో, భర్త క్షేమం చెప్పి పోదామని జలపతి భార్య రుక్కమ్మ ఇంటి ముందు కారు ఆపారు. ఆమె బీడీలు చుడుతుంది. మాధవి దిగలేదు. "ఆ పొగాకు ఘాటు నాకు పడదు," అని అద్దం ఎత్తేసుకుంది.

ఒడిలో చాట, చాటలో తంబాకు. రుక్కమ్మ చేతులు ఆగలేదు. "మా ఆయన పానం మంచిగున్నదా కొడుకా?"

"మంచిగున్నడు అవ్వా."

కార్డ్ ఉందో లేదో చూద్దామని ఒవైస్ వాలెట్ తెరిచాడు. లోపలి వెండిరేకు లైనింగ్‌ను ఎవరో బ్లేడుతో కోసి తీసేశారు. వాలెట్ ఇచ్చింది మాధవి. ఇన్‌స్పెక్షన్ అంటూ వచ్చి, చివరి రోజు హరీశ్ పక్కన భోంచేసిందీ మాధవే.

ఈలోపు రుక్కమ్మ కార్డ్ లాక్కుంది. "మా ఆయన ఏటీఎం కార్డా! గిట్ల జేబులేసుకొని తిరుగుతరా?"

బీడీలు చుట్టే ఇళ్లలో కార్డులన్నీ రేకు డబ్బాలోనే ఉంటాయి. బీడీ కట్టల మధ్య దాన్ని దూర్చి మూత బిగించింది. "నేను చేసినవి తప్ప తాగడు. రెండూ ఆయనకే ఇయ్యి."

అది ఏటీఎం కార్డ్ కాదని ఒవైస్ చెప్పలేదు. రేకు మూత పడితే ఏ రీడరూ లోపలికి తొంగిచూసే వీల్లేదు. ఖాళీ వాలెట్‌లో హరీశ్ క్యాంటీన్ కార్డ్ పెట్టి జేబులో వేసుకున్నాడు. చీఫ్‌కు కోడ్ మెసేజ్ కొట్టాడు: 'ఆకు తడిసింది.' మనలోనే ద్రోహి ఉన్నారని అర్థం.

కథలాపూర్ దాటాక, వెనక సీట్లో మాధవి మెల్లగా అతని వైపు ఒరిగింది. ఆమె హ్యాండ్‌బ్యాగ్ అతని జేబుకు ఆనింది. లోపల ఏదో సన్నగా వణికింది. ఆమె ఫోన్ తీసి ఏదో పంపింది. తర్వాత చూపు అతని ఒళ్లోని డబ్బా మీద పడింది.

"ఏముంది అందులో?"

"బీడీలు. మూత తియ్యాల్నా?"

"వద్దు బాబోయ్!" రుద్రంగి వచ్చేదాకా తుమ్ముతూనే ఉంది.

సిరిసిల్లలో మగ్గాల చప్పుడుకు పిస్టల్ పేలినా వినపడదు. వీళ్లు కారు దిగేసరికే లుంగీలు కట్టిన ఇద్దరు తలుపు దగ్గరున్నారు. ఒకడి చేతిలో కాపీ కార్డ్, రెండోవాడి చేతిలో పిస్టల్, తలుపు వెనక జలపతి. చీఫ్ పంపిన టీమ్ జాడ లేదు.

మొదటివాడు కార్డ్ తాకించాడు. ఎర్ర లైటు. మళ్లీ ఎర్ర లైటు. రెండోవాడు విసుగెత్తి తాళానికే పిస్టల్ గురిపెట్టాడు. అప్పుడు దూకింది టీమ్, పక్క షెడ్డులోంచి.

బేడీలు పడ్డ మాధవి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఎవరి కార్డది?"

"హరీశ్‌ది. నువ్వు సంపించినవ్ గదా, గాయినదే. క్యాంటీన్ కార్డ్."

ఒవైస్ డబ్బా మూత తీసి అసలు కార్డ్ తాకించాడు. పచ్చ లైటు. జలపతి కార్డ్ వంక చూడనే లేదు. "మా రుక్కమ్మ చేతివి!" అని ఒక బీడీ ముట్టించి, ఇంకోటి ఒవైస్‌కు ఇచ్చాడు.

ఒవైస్‌కు అలవాటు లేదు. ఒక్క దమ్ము లాగాడు. దగ్గు వచ్చింది, వెనకే కన్నీళ్లు వచ్చాయి. హరీశ్ కోసం అప్పటిదాకా రాని ఏడుపంతా అక్కడే, ఆ గోడకు ఆనుకుని ఏడ్చాడు.

"ఘాటున్నదా కొడుకా?"

"ఉన్నది కాకా."

ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్! అన్నట్టు, హరీశ్ క్యాంటీన్ కార్డ్ ఇంకా వాపస్ రాలేదని ఆఫీసోళ్లు అడుగుతున్నరు."

ఒవైస్ కళ్లు తుడుచుకున్నాడు. "రాదు సార్. అది ఇంకా డ్యూటీల ఉన్నది."