తొమ్మిదో సైనికుడి కోటు

సాయంత్రం 5.20.

బొమ్మల మాస్టారి గదిలో కుర్చీ వెల్లకిలా పడి ఉంది. అందులో కూర్చోవాల్సిన మనిషి ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

టేబుల్ మీద ఇరవై నలుగురు సైనికులు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కడు బొటనవేలంత. రంగు వేసేటప్పుడు పట్టుకోవడానికి ఒక్కొక్కడికీ కాళ్ళ కింద జిగురుతో అంటించిన సోడా మూత. రెండు వందల ఏళ్ళ కిందటి యుద్ధంలోని దళమట. ఆ యుద్ధాన్ని ఆదివారం క్లబ్బులో పెద్ద బల్ల మీద పాచికలేసి మళ్ళీ ఆడతారట. ఆడేదంతా గడ్డాలు నెరిసినవాళ్ళే. మరో రోజైతే ఇన్‌స్పెక్టర్ పడి పడి నవ్వేది.

ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి డాక్టర్.

"మేడమ్, ఇది గుండెపోటు కాదు. విషం. ఏ విషమో తెలియాలి."

"తెలియకపోతే?"

"తప్పు విరుగుడు ఇస్తే మేమే చంపినట్టు. ల్యాబ్ రిపోర్టు రేప్పొద్దునకి గానీ రాదు."

"ఎంత టైముంది?"

"ఎనిమిది దాటితే నా చేతుల్లో లేదు. ఇంకో విచిత్రం. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి అందట్లేదేమో అనుకున్నాం. మెషిన్ చూస్తే ఆక్సిజన్ బాగానే ఉందంటోంది."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంది. రెండు గంటల నలభై నిమిషాలు. ఆమె సర్వీసులో చచ్చినవాళ్ళ కేసులు చాలానే చూసింది. వాళ్ళకు తొందర ఉండదు. బతికి ఉన్న మనిషి కేసు ఇదే మొదలు.

కానిస్టేబుల్ మాత్రం హుషారుగా ఉన్నాడు. "తేలిపోయింది మేడమ్. కాఫీ ఇచ్చింది భార్య. పొద్దున 'ఆ బొమ్మల్ని కాలవలో పారేస్తా, వెనకే మిమ్మల్నీ తోసేస్తా' అని అరిచిందట. పక్కింటివాళ్ళు విన్నారు."

"ఆ మాట వినపడని కాపురం ఒక్కటి చూపించు, నీకు ప్రమోషన్ ఇప్పిస్తా."

మాస్టారి భార్య వంటింటి గడప మీద కూర్చుని ఉంది. చేతిలో ఆయన కళ్ళజోడు. దాన్ని కొంగుతో తుడుస్తూనే ఉంది.

"కాఫీ ఎన్నింటికిచ్చారమ్మా?"

"నాలుగూ పదికి. రోజూ అంతే."

"తాగారా?"

"సగం. నాలుగున్నరకి దబ్బుమని చప్పుడైంది. వెళ్ళేసరికి..." కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుంది. "నేను పెట్టిన కాఫీయే తాగారమ్మా. ఆయనకేమన్నా అయితే జనం ఏమనుకున్నా సరే, ముందు నన్ను నేనే నమ్మలేను."

"ఇవాళ ఇంటికెవరొచ్చారు?"

"పదింటికి బొమ్మల షాపాయన. ఏదో కొత్త నీలం రంగట, ఊరికే ఇచ్చి వెళ్ళాడు. పన్నెండింటికి జనరల్. ఇద్దరూ ఈ గదిలోనే కూర్చున్నారు."

జనరల్ అంటే సైన్యంలో చేసినవాడేం కాదు. రిటైరైన బస్సు డ్రైవరు. క్లబ్బు బల్ల మీద ఎప్పుడూ శత్రువు పక్షాన ఆడతాడు కాబట్టి ఆ పేరు. కబురు పెట్టగానే ఆరుకల్లా పరుగున వచ్చాడు. చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడు.

"మధ్యాహ్నం మాస్టారితో గొడవపడ్డారట?"

"పడ్డాం. కాలరు పసుపని వాడు, ఎరుపని నేను."

"కాలరు కోసమా?"

"మేడమ్, కాలరు తప్పయితే ఆ దళం ఆ దళమే కాదు!" అని అరిచి, వెంటనే నీరుకారిపోయాడు. "ఇంటికెళ్ళి పుస్తకం చూశాను. పసుపే. చెబుదామని ఫోన్ చేశాను. అదే చివరి మాటవుతుందని ఎవరనుకున్నారు?"

"ఫోన్ ఎన్నింటికి?"

ఆయన సెల్‌ఫోన్ తీసి చూపించాడు. 4.11.

"ఏమన్నారాయన?"

"'పన్నెండయ్యాయి, ఇంకో పన్నెండున్నాయి. కాఫీ వచ్చింది, పెట్టెయ్' అన్నాడు. మాట కాస్త ముద్దగా ఉంది. కోపమనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ టేబుల్ దగ్గరికి నడిచింది. భూతద్దం తీసింది.

ముఖాలు చూసింది. ఇరవై నాలుగు ముఖాలూ అయిపోయాయి. ఆవగింజంత కంట్లో నల్లగుడ్డు కూడా ఉంది. ఒక్కటీ చెదరలేదు.

తర్వాత నీలం కోట్లు. ఎనిమిదో బొమ్మ దాకా అంచులు గీత గీసినట్టున్నాయి. తొమ్మిదో సైనికుడి కోటు అంచు మెడ దగ్గర సన్నగా వణికింది. పదకొండోవాడి భుజం మీంచి నీలం జారింది. పదహారోవాడికి గడ్డం దాకా నీలమే. పదిహేడోవాడి నుంచి కోటు లేదు.

"ఈయన ఒక్కో బొమ్మా పూర్తి చేసి ఇంకోటి పట్టుకోరా?" అని జనరల్‌ని అడిగింది.

"లేదండీ. ఒకే రంగు అన్నింటికీ వరసగా వేసుకుపోతాం. అదయ్యాకే ఇంకో రంగు."

కాఫీ వచ్చేటప్పటికి పన్నెండయ్యాయి. చెయ్యి వణికింది తొమ్మిది దగ్గర. అంటే కాఫీ కంటే ముందే విషం ఒంట్లోకి దిగింది. భోజనం ఆలుమగలిద్దరూ ఒకే గిన్నెలోంచి తిన్నారని భార్య ముందే చెప్పింది. మరి ఏం తిన్నాడీ మనిషి?

"ఇంత సన్నటి గీతకి కుంచె మొన ఎలా తీరుస్తారు?"

జనరల్ జేబులోంచి మరకల గుడ్డ తీసి చూపించాడు. "దీంతో."

మాస్టారి టేబుల్ మీద అలాంటి గుడ్డ లేదు. గది మొత్తం వెతికినా దొరకలేదు.

ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసింది. "డాక్టర్‌గారూ, ఆయన పెదాలు తడి దూదితో తుడవండి. ఇప్పుడే. నేను లైన్లో ఉంటాను."

అరనిమిషం తర్వాత డాక్టర్ గొంతు మళ్ళీ వినిపించింది.

"మేడమ్... దూదికి నీలం అంటింది."

"ఆ దూది పారెయ్యకండి."

6.25. కొత్త నీలం సీసా, అందులో ముంచిన కుంచె కవర్లో చుట్టి ల్యాబ్‌కి పంపింది. అలమరాలో దుమ్ము పట్టిన పాత నీలం సీసా, వేరే కుంచె ఉంటే తీసి ఆ చోటే పెట్టింది. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు.

సీసా షాపాయన ఇచ్చాడు. జనరల్ దాని పక్కనే గంట కూర్చున్నాడు. భార్య రోజంతా ఇంట్లోనే ఉంది. ముగ్గురికీ చెయ్యి అందుతుంది. ఎవరిదో తేల్చాలంటే గంటన్నరే ఉంది.

డ్రాయర్ లాగింది. లోపల ఒక నల్లటి సీసపు బొమ్మ. వందేళ్ళ నాటిదని రశీదు. రశీదు మీద షాపు ముద్ర. బొమ్మ పాదం కింద ఎవరో చాకుతో గీకారు. గీకిన చోట లోహం కొత్త నాణెంలా తళతళలాడుతోంది.

7.15. ముగ్గురూ ఆ గదిలో నిలబడ్డారు.

షాపాయన మర్యాదస్తుడు. రాగానే చెప్పులు విడిచాడు. "మాస్టారికెలా ఉంది మేడమ్? దేవుడి లాంటి మనిషి."

"దేవుడి దగ్గరికే పంపాలని చూశారెవరో," అంది ఇన్‌స్పెక్టర్. "ఒక చిన్న సాయం చెయ్యండి. ఈ పదిహేడోవాడికి కోటు వెయ్యాలి. మాస్టారు ఎలా వేస్తారో అచ్చం అలాగే. కుంచె మొన పెదాలతో తీర్చి."

షాపాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నాకా అలవాటు లేదండీ. పైగా ఒకరి కుంచె..."

"ఇలా ఇవ్వండి."

మాస్టారి భార్య ముందుకొచ్చింది. ఎవరూ ఆపేలోపు కుంచె నీలంలో ముంచింది. "ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, నాకు రాదా? దీంతో ఆయన బతుకుతారంటే సీసా అంతా తాగుతాను."

కుంచె పెదాల దాకా వెళ్ళింది.

"అమ్మా, వద్దు!"

అరిచింది షాపాయన.

కుంచె అప్పటికే ఆమె పెదాల మధ్య ఉంది.

"ఎందుకు వద్దు?" ఇన్‌స్పెక్టర్ గొంతు చాలా మెల్లగా ఉంది. "విషం కాఫీలో ఉందని ఊరంతా అనుకుంటోంది. రంగులో ఉందని నేనెవరికీ చెప్పలేదు. మీకెవరు చెప్పారు?"

షాపాయన గుమ్మం వైపు జరిగాడు. కానిస్టేబుల్ అడ్డం నిలబడ్డాడు.

"భయపడకండమ్మా, అది పాత సీసా, కుంచె కూడా వేరేదే. మంచి రంగే." ఇన్‌స్పెక్టర్ నల్ల బొమ్మను టేబుల్ మీద పెట్టి, షాపాయన వైపు తిరిగింది. "నిన్నగాక మొన్న పోత పోసిన బొమ్మలకి నలుపు పట్టించి, వందేళ్ళవని అమ్ముతున్నారు. మాస్టారు గీకి చూశారు. మీకూ చెప్పి ఉంటారు."

"ఆదివారం అందరి ముందూ ఒక మాట చెప్పాలన్నాడు వాడు," అన్నాడు జనరల్. "ఇదా?"

"నన్ను మానుకోమన్నాడు. నేనే చెప్పుకుంటే తను చెప్పనన్నాడు." షాపాయన కూలబడ్డాడు. "ముప్పై ఏళ్ళ పేరండీ..."

"నలుపు పట్టించే మందేనా సీసాలో కలిపింది?"

షాపాయన మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"ఇప్పుడు 7.31. ఎనిమిదిలోపు నోరు విప్పితే హత్యాయత్నం. తర్వాతైతే హత్య. అమ్మా అని పిలిచి ఆపిన నోటితోనే దాని పేరు చెప్పండి!"

ఆమె అరుపుకి కానిస్టేబుల్ కూడా అటెన్షన్‌లో నిలబడ్డాడు. షాపాయన వెక్కుతూ పేరు చెప్పాడు. ఫోన్ అవతల డాక్టర్ దాన్ని రెండుసార్లు పలికి, లైన్ కట్ చేశాడు.

షాపాయనను జీపెక్కించారు. మాస్టారి భార్య మాత్రం కుంచె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి.

"కుంచె నోట్లో పెట్టుకుంటారని షాపాయనకెలా తెలుసో మీరడగలేదు," అంది.

ఇన్‌స్పెక్టర్ తలెత్తింది.

"నేనే చెప్పాను. పోయిన వారం షాపుకెళ్ళి చెప్పాను. 'నా మాట వినరు, మీరైనా చెప్పండి, ఆ అలవాటు మానమని.' ఆయన మంచికే చెప్పానమ్మా. ఆ మాటే తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాను."

ఇన్‌స్పెక్టర్ పడిపోయిన కుర్చీని లేపి, ఆమెను కూర్చోబెట్టి, పక్కనే నిలబడింది. ఎనిమిదయింది. ఎనిమిదిన్నరయింది. జనరల్ గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు.

8.50కి ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్ స్పీకర్ నొక్కింది.

"కళ్ళు తెరిచారు. గండం ఇంకా పూర్తిగా గడవలేదు, కానీ మందు పనిచేస్తోంది," అన్నాడు డాక్టర్. "ఏదో అడుగుతున్నారు. మాకు అర్థం కావట్లేదు. 'ఇంకా ఎన్నున్నాయి' అంటున్నారు."

మాస్టారి భార్య లేచి, టేబుల్ మీదికి వంగింది. కోటు లేనివాళ్ళను ఒక్కొక్కరినీ వేలితో తాకుతూ లెక్కపెట్టింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి సరిగ్గా వచ్చింది.

"ఎనిమిదండీ," అంది ఫోన్‌లోకి. "ఎనిమిదే ఉన్నాయి. మీరు ఇంటికి రండి. మొన నేను తీర్చి ఇస్తాను."