బాగుంది డబ్బా

"బాగుంది," అన్నాడు ఉద్భవ్.

బల్ల మీదున్న తెల్లటి డబ్బా ఒక్క క్షణం ఆలోచించింది. దాని నుదుట ఉన్న చిన్న దీపం పసుపుపచ్చగా వెలిగింది. తర్వాత అది వార్తలు చదివే గొంతుతో, ఎవరి మీదా కోపం లేకుండా చెప్పింది: "బొమ్మలు చూశాడు. అక్షరాల జోలికి పోలేదు."

గదంతా ఘొల్లుమంది. ఉద్భవ్ తన చేతిలోని ఆక్టోపస్ పుస్తకాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని, "ఒట్టు, మొత్తం చదివానాంటీ!" అన్నాడు, ఆ డబ్బా చేసిన మందాకినితో.

"అయితే ఆక్టోపస్‌కి గుండెలెన్ని?" పక్కనే కూర్చున్న కైవల్య అడిగింది.

"అందరికీ ఎన్నుంటాయో దానికీ అన్నే."

మూడుంటాయని ఆ పుస్తకం మొదటి పేజీలోనే రాసి ఉంది. డబ్బా పరువు నిలబడింది.

ఇది ఇప్పటికి కొన్ని దశాబ్దాల తర్వాతి విశాఖపట్నం. సముద్రం కాస్త కాస్తగా రోడ్లను కలిపేసుకుంటుంటే ఊరు కొండల మీదికి జరిగింది. కొండకీ కొండకీ మధ్య తీగల మీద బస్సులు తిరుగుతున్నాయి. అలాంటి ఒక కొండవాలులో పిల్లల లైబ్రరీ ఉంది. ఆదివారం ఉదయం అక్కడ బుక్ క్లబ్ జరుగుతుంది. వారంలో చదివిన పుస్తకం మీద పిల్లలు తలా ఒక అభిప్రాయం చెప్పాలి. ఊరు ఎంత మారినా ఆ అభిప్రాయం మాత్రం మారలేదు. ఏ పుస్తకమిచ్చినా "బాగుంది" అంటారు. అభిప్రాయం లేక కాదు. ఆ ఒక్క మాట అనేస్తే పెద్దవాళ్ళు ఇంకేమీ అడక్కుండా వదిలేస్తారని మన పిల్లలకి పుట్టుకతోనే తెలుసు.

డాక్టర్ మందాకిని ఈ మాట మీదే తన చదువంతా ధారపోసింది. ఆమె శబ్ద శాస్త్రవేత్త. పెళ్ళి భోజనాల బంతుల్లో, చీరల కొట్లలో, గృహప్రవేశాల్లో, పెళ్ళిచూపుల కాఫీల దగ్గర మైకులు పెట్టుకుని కూర్చుని, తెలుగువాళ్ళు అన్న "బాగుంది"లన్నీ పోగు చేసింది. నిజంగా నచ్చినవాళ్ళు "బా" దగ్గర సాగదీస్తారు. మొహమాటపడేవాళ్ళు "ది" దగ్గర తొందరగా నోరు మూసేస్తారు. డబ్బా పనిచేసే తీరు కూడా కష్టమైనదేమీ కాదు. ముందు అది పుస్తకంలోని పేర్లూ, ఘట్టాలూ ఒక్కొక్కటే పైకి చదువుతుంది. చదివిన పిల్లవాడి వేలికి తొడిగిన సెన్సర్ ఉంగరం ఏ పేరు దగ్గర నాడి ఎగిరిందో, ఏ పేరుకి కదలకుండా పడుకుందో పట్టుకుంటుంది. ఆఖర్న ఆ పిల్లవాడు "బాగుంది" అనగానే ఈ లెక్కనీ, గొంతునీ కలిపి, ఆ మాట వెనక ఉన్న అసలు మాట చెప్పేస్తుంది. మందాకిని దీనికి స్వరమాపిని అని పేరు పెట్టింది. పిల్లలు బాగుంది డబ్బా అన్నారు. చివరికి ఏ పేరు నిలిచిందో చెప్పనక్కర్లేదు.

"వచ్చే ఆదివారం ఏం పుస్తకమాంటీ?" ఉంగరం పీకేసుకుంటూ ఉద్భవ్ అడిగాడు.

మందాకిని నవ్వుతూ కిటికీ పక్క కుర్చీ వైపు చూపించింది. "మన సాంబమూర్తిగారి పుస్తకం. 'కాంచనద్వీపంలో సత్యవంతుడు'."

కుర్చీలో ఉన్న పెద్దాయన సిగ్గుపడుతూ డబ్బాలో జీళ్ళు సర్దుకున్నారు. అది తినుబండారాల డబ్బా. ప్రతి ఆదివారం పిల్లలకి పంచడానికి తెస్తారు. సాంబమూర్తిగారు ఒకప్పుడు పోర్టులో టగ్ బోటు నడిపారు. పెద్ద ఓడల్ని ముక్కుతో నెట్టుకుంటూ రేవులోకి తెచ్చే చిన్న బోటు అది. ఇప్పుడా బోట్లు వాటంతట అవే నడుస్తున్నాయి కనక, ఆయన రిటైరై పుస్తకం రాసుకున్నారు.

కైవల్య గుండెలో రాయి పడింది.

ఆ పుస్తకం ఆ పిల్ల చదివింది. అందరూ చదివారు. అందరూ ఆయన ఎదురుగా "బాగుంది తాతగారూ" అన్నారు. అన్నప్పుడల్లా ఆయన మొహం విప్పారేది. నిజమేమిటంటే, ఆ సత్యవంతుడంత విసుగు పుట్టించే కుర్రాడు ఈ భూమ్మీదగానీ కాంచనద్వీపం మీదగానీ ఇంకొకడు ఉండడు.

క్లబ్ అయిపోయాక కైవల్య మెట్ల మీద మందాకినిని పట్టుకుంది.

"ఆంటీ, వచ్చే వారం మిషన్ తేకండి. చెడిపోయిందని చెప్పేద్దాం."

"ఎందుకమ్మా? నిజం చెప్పడం తప్పా?"

"తప్పు కాదు. తాతగారు అక్కడే కూర్చుని ఉండగా చెప్పడం తప్పు."

మందాకిని మెట్టు మీద ఆగింది. "ఆ పుస్తకంతో పరీక్ష పెట్టమని ఆయనే అడిగారు కైవల్యా. పదే పదే అడిగారు."

"ఆయనకి తెలీదు కదాంటీ, ఏమొస్తుందో!"

"పోనీ తల ఊపి ఊరుకుంటే?" అని వెనకనుంచి ఉద్భవ్ సలహా ఇచ్చాడు. ఈ ఏడాదికి నోటితోనే అనాలని, తల ఊపుని పసిగట్టడం వచ్చే ఏడాది మోడల్లో వస్తుందని మందాకిని చెప్పింది. అప్పటికి అదీ వచ్చేస్తుందంటే వాడికి దిగులేసింది.

ఇక కైవల్యకి ఒకే దారి మిగిలింది. డబ్బాని మోసం చెయ్యాలి. వారమంతా అద్దం ముందు నిలబడి "బా" సాగదీయడం సాధన చేసింది. బడికి తయారవుతూ "బాఆఆగుంది", తల దువ్వుకుంటూ "బాఆఆగుంది".

"ఏం బాగుందే?" వంటింట్లోంచి వాళ్ళమ్మ కేకేసింది.

"ఏమీ బాలేదమ్మా. బాగుందని ప్రాక్టీస్ చేస్తున్నా!"

ఆదివారం వచ్చింది. సాంబమూర్తిగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజానికి ఒక గుడ్డ సంచి తగిలించుకుని అందరికంటే ముందు వచ్చి కూర్చున్నారు. ఎవరు మొదలుపెడతారని మందాకిని అడగ్గానే కైవల్య లేచింది. మొదటి అభిప్రాయం గొప్పగా ఉంటే, మిగతావి కాస్త అటూ ఇటూ అయినా ఆయన మనసు కష్టపెట్టుకోరని ఆ పిల్ల లెక్క.

ఉంగరం తొడుక్కుంది. డబ్బా చదవసాగింది. సత్యవంతుడు. కాంచనద్వీపం. మహామంత్రి. మాట్లాడే చిలక. సత్యవంతుడి సత్యనిష్ఠ. సత్యవంతుడి గురుభక్తి. చివరగా రచయిత పేరు, సాంబమూర్తి.

కైవల్య గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "బాఆఆగుంది!"

అంత చక్కటి బాగుంది ఆ గదిలో ఎన్నడూ వినపడలేదు. డబ్బా ఎప్పటికంటే ఎక్కువసేపు ఆలోచించింది. దీపం పసుపయింది, ఎర్రబడింది, మళ్ళీ పసుపయింది.

"సత్యవంతుడు అన్నప్పుడు నాడి కదల్లేదు," అంది డబ్బా. "చిలక దగ్గర కొంచెం కదిలింది. సాంబమూర్తి అన్నప్పుడు ఎగిరింది. కథ నచ్చలేదు. కథ రాసిన మనిషి అంటే ఇష్టం. ఆయన బాధపడతాడేమోనని భయం."

గదిలో ఎవరూ నవ్వలేదు. కైవల్య కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. సాంబమూర్తిగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"అమ్మడూ, ఇలా రా. నిజంగానే నచ్చలేదా?"

కైవల్య తల అడ్డంగా ఊపింది.

"ఒక్క ముక్క కూడానా?"

"చిలక ఉన్న పేజీ పర్లేదు తాతగారూ," అంది వెక్కుతూ.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. కళ్ళు మూసుకుని, లోపలున్న గాలంతా బయటికి వదిలారు.

"హమ్మయ్య!"

పిల్లలు మొహాలు చూసుకున్నారు. మందాకిని కంగారుగా మంచినీళ్ళ సీసా అందించింది.

"నాకేం కాలేదమ్మా. బతికిపోయాను," అంటూ ఆయన సంచి మీద చెయ్యి వేశారు. "ఇది రెండో భాగం. 'సత్యవంతుడి పునరాగమనం.' అందరూ బాగుంది బాగుంది అన్నారా, మా ఆవిడైతే రెండో భాగమెప్పుడని కూడా అడిగింది. సరే పాపం, అందరూ ఎదురుచూస్తున్నారని చచ్చీచెడీ రాస్తున్నాను. ఆ వెధవ ఒక్క తప్పు చెయ్యడు. వాడితో రోజూ కూర్చోవడం నా వల్ల కాదర్రా! ఇదెవరికైనా నిజంగా కావాలో వద్దో తేల్చుకుందామనే ఈ మిషన్ పెట్టించాను. ఇంక రాయక్కర్లేదన్నమాట!"

"అస్సలక్కర్లేదు తాతగారూ!" అని ఉద్భవ్ అరిచాడు. ఉంగరం వాడి వేలికి లేదు, అయినా ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక గట్టు తెగింది. సత్యవంతుడికి జలుబు కూడా చెయ్యదని ఒకరు. అమ్మ చెప్పిందల్లా వినేస్తుంటే ఇంక కథెలా నడుస్తుందని ఒకరు. మహామంత్రే మంచోడని, పాపం వాడొక్కడే ఏదో ఒక పని చేస్తాడని ఇంకొకరు. సాంబమూర్తిగారు ప్రతి దానికీ "అవునా? అదే నాకూ అనిపించింది సుమా!" అంటూ పొట్ట పట్టుకుని నవ్వారు. కైవల్య కూడా కళ్ళు తుడుచుకుని అడిగింది:

"జీళ్ళు పంచుతూ మాకు చెప్తారు కదా, తుఫాన్లో టగ్ బోటు కథ? మీరు భయంతో ఏడ్చి, కెప్టెన్ టోపీలో వాంతి చేసుకున్నది. అదెందుకు రాయలేదు?"

"వాంతి సంగతి పుస్తకంలో ఎవరైనా రాస్తారటే?"

"రాస్తే మేం చదువుతాం," అంది కైవల్య.

మందాకిని ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంతమంది పిల్లలు ఇన్ని అభిప్రాయాలు చెప్పడం ఆమె ఎన్నడూ వినలేదు. ఆ ఊపులో, "మరి నా యంత్రం ఎలా ఉందర్రా?" అని అడిగేసింది.

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. "బాగుందాంటీ!" అన్నారు ఏకకంఠంతో.

కైవల్య ఉంగరం ఇంకా తియ్యలేదు. డబ్బా దీపం పసుపుపచ్చగా మిణుకుమనడం మొదలైంది. మందాకిని ఒక్క ఉదుటున వంగి, గోడకున్న ప్లగ్ పీకేసింది.

"వైరు కొంచెం వదులుగా ఉందండీ," అంది ఎవరి వైపూ చూడకుండా.

"అవునమ్మా, అలాగే కనిపిస్తోంది," అన్నారు సాంబమూర్తిగారు, ఎంతో మర్యాదగా.

ఆ తర్వాత కొన్నాళ్ళకి డబ్బా ఊళ్ళో పేరు మోసింది. చీరల కొట్ల వాళ్ళు దాన్ని నిషేధించాలని అర్జీ పెట్టారట. బుక్ క్లబ్‌లో మాత్రం దానికి పని లేకుండా పోయింది. "బాగుంది" అని ఎవరైనా అంటే కదా, అది నోరు తెరిచేది? పిల్లలిప్పుడు ఆ మాటే మానేశారు. అడగక ముందే బాలేదంటున్నారు, ఎందుకు బాలేదో ఆపకుండా చెబుతున్నారు, మధ్యలో ఒకరితో ఒకరు పోట్లాడుకుంటున్నారు. మందాకిని డబ్బాని వైరు చుట్టేసి బీరువాలో పెట్టింది. ప్రతి ఆదివారం పిల్లల మాటలు వినడానికి మాత్రం తప్పకుండా వస్తోంది.

ఒక ఆదివారం సాంబమూర్తిగారు గుడ్డ సంచిలోంచి నాలుగు కాగితాలు తీశారు. ఏదో ఊరికే రాశానని, చదవమంటే చదువుతానని, వద్దంటే మానేస్తానని నసిగారు. పిల్లలు చదవమన్నారు. తుఫాను మొదలైంది. టగ్ బోటు ఊగిపోయింది. ఇంజను గదిలోకి నీళ్ళొచ్చాయి. కెప్టెన్ టోపీ చేతిలోకి వచ్చింది. సరిగ్గా అక్కడ కాగితాలు అయిపోయాయి.

ఎవరూ బాగుందనలేదు. బాలేదని కూడా అనలేదు. ఆయన బిక్కమొహం వేసుకుని కళ్ళజోడు తుడుచుకోసాగారు.

"తర్వాతేమైంది?" అంది కైవల్య.

"తర్వాతేమైంది తాతగారూ?" అన్నారు మిగతావాళ్ళంతా కుర్చీలు ముందుకి లాక్కుంటూ.

"తర్వాతా? ఇంకా రాయాలట్రా! రాత తప్పిందని ఇప్పుడిప్పుడే కదర్రా హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. నన్ను బతకనివ్వరా?" అని ఆయన చిరాకుపడ్డారు.

కైవల్య ఒక్క క్షణం తల పక్కకి వంచి విన్నది. తర్వాత వార్తలు చదివే గొంతుతో చెప్పింది: "విసుగు కాదు. సంతోషం. మిగతా కథ రాసేశారు. సంచిలోనే ఉంది."

సాంబమూర్తిగారు ఉలిక్కిపడి బీరువా వైపు చూశారు. తలుపు వేసే ఉంది. ఆయన సంచిలోంచి మిగతా కాగితాలు తీశారు.