ఊదారంగు మారలేదు

చేతిలో కాఫీ కప్పు బల్ల మీద పెట్టేలోపే ల్యాబులో ఆకుల సారం తీసే కెమిస్టు ప్రాణం పోయింది. మెడ మీద చీమ కుట్టినంత గాటు. అంతే.

"గుండెపోటని రిపోర్టు వచ్చింది. మనం నమ్మక్కర్లేదు," అన్నాడు చీఫ్.

డ్రైక్లీనింగ్ షాపు వెనకగది అది. ఇస్త్రీ ఆవిరికి ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. చీఫ్ ఎదురుగా ఉన్న ఏజెంటును డిపార్టుమెంటులో పిచ్చుక అంటారు. ఎప్పుడు వాలాడో, ఎప్పుడు ఎగిరాడో ఎవరికీ తెలియదు. ఆ కెమిస్టును బతిమాలి ఇన్ఫార్మరుగా పెట్టింది అతనే.

"ఆ కెమిస్టు పనిచేసిన ల్యాబు డాక్టరమ్మ ఆకుల సారంతో యాంటీఆక్సిడెంట్ క్రీము చేసింది. ఎండకు, మంటకు పాడైన చర్మాన్ని బాగుచేస్తుంది. మధ్యాహ్నం ల్యాబు ముందు లాన్‌లో డెమో. విదేశీ ముఠా ఒకటి కొన్ని సీసాలు మార్చేసింది. వాటిలో ఉన్నది రాసుకుని ఎండలో నిలబడితే చర్మం బొబ్బలెక్కిపోతుంది. క్రీము పరువు మట్టిగలిశాక ఫార్ములాను కారుచౌకగా కొట్టేద్దామని వాళ్ళ ప్లాను."

"డెమో ఆపేస్తే సరిపోదా?"

"మార్చినవాళ్ళు తప్పించుకుంటారు. నాకు మనుషులు కావాలి." చీఫ్ ఒక పెన్ను అందించాడు. "ఇందులో సిరా లేదు, ఊదారంగు రీఏజెంట్ ఉంది. అసలు క్రీము మీద చుక్క వేస్తే పసుపుపచ్చగా మారుతుంది. నకిలీదైతే ఊదాగానే ఉండిపోతుంది. లోపల మన మనిషి ఉంది, క్రీము యాడ్‌లో కనిపించే మోడల్. 'ఆకు రాలిందా?' అని అడుగు. 'చిగురేసింది' అంటుంది. జాగ్రత్త! పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వెయ్యడానికి వెనకాడే రకం కాదు వాళ్ళు."

కాసేపటికి బూడిదరంగు కోటు, మందపాటి కళ్ళద్దాలతో ఒక మనిషి గాజుసామాన్ల ట్రాలీ తోసుకుంటూ ల్యాబులోకి వచ్చాడు. పచ్చి ఆకు వాసన, స్పిరిట్ వాసన కలిసి ముక్కుకు కొట్టాయి. గుండ్రటి ఫ్లాస్కులో పచ్చటి ద్రవం తిరుగుతోంది. తలుపు దగ్గర డాక్టరమ్మ వాళ్ళమ్మతో గొడవ పడుతోంది.

"అమ్మా, నువ్వొద్దే. వాలంటీర్లు ఉన్నారుగా!"

"ఊరందరికీ రాస్తావు, కన్నతల్లికి రాయవా? ఇన్నేళ్ళూ నీ ఆకుల కంపు భరించింది ఎవరే?" ఆవిడ బుగ్గ మీద ఎప్పటిదో స్టవ్వు మంటకు కాలిన మచ్చ.

కారిడార్‌లో ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మోడల్ వచ్చింది. నల్లకళ్ళద్దాలు, ముత్యం రంగు సిల్కు గౌను.

"ఆకు రాలిందా?"

"చిగురేసింది." ఆమె పెదవులు కదిలీకదలనట్టు అంది. "అలమరాలో నీలంమూత సీసాలున్నాయి, అవే నకిలీవి. సింకులో పారబోసెయ్. స్టేజి మీదవి అసలైనవే. తొందరగా!"

అతను అలమరా తెరిచాడు. సీసా మూత తీసి, కొళాయి తిప్పాడు. ఒంపబోతూ ఆగాడు. తొందరపెట్టేవాళ్ళను అతను ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు. పెన్ను తీసి ఒక చుక్క వేశాడు.

ఊదా చుక్క చూస్తుండగానే పసుపుపచ్చగా మారింది.

ఇంకో సీసా. అదీ పసుపే. ఇవి అసలైనవైతే, స్టేజి మీదవి?

కాలరు మైకులో చీఫ్‌ను పిలిచాడు. గరగర తప్ప ఏమీ లేదు. ఎవరో జామ్ చేశారు. ట్రాలీని ఒక్క తోపు తోసి పరుగెత్తాడు.

లాన్‌లో ఎండ నిప్పులు చెరుగుతోంది. కంపెనీల ప్రతినిధులు కుర్చీల్లో, కెమెరాలు స్టాండ్ల మీద. స్టేజి మీద పెద్దావిడ చెంప చూపిస్తూ కూర్చుంది. గ్లవ్ తొడిగిన డాక్టరమ్మ రెండు వేళ్ళ మీద క్రీము. పక్కనే చప్పట్లు కొడుతూ మోడల్.

"ఆగండి డాక్టరుగారూ!"

ఆ వేళ్ళు చెంపకు వెంట్రుకవాసి దూరంలో ఆగాయి. అతను ఒక్క గెంతులో స్టేజి ఎక్కి, క్రీము మీద చుక్క వేశాడు. డాక్టరమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. ఆ పరీక్ష ఆమెకు కొత్త కాదు.

"రంగు... మారలేదు," అంది. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు.

మోడల్ చేతిలోకి లిప్‌స్టిక్ వచ్చింది. మూత ఊడింది. లోపల సన్నటి సూది, గురి డాక్టరమ్మ మెడకు. కెమిస్టు మెడ మీది గాటు అతని కళ్ళముందు మెదిలింది. స్టేజి మీది వెడల్పు మూతి సీసాలో చెయ్యి ముంచి, అందినంత క్రీము మోడల్ మొహాన కొట్టాడు.

కెవ్వుమని అరిచిందామె! లిప్‌స్టిక్ జారిపోయింది. ఇంతవరకూ యాడ్‌లో ఆ క్రీమును పొగిడిన మనిషి గౌనుతో మొహం తుడుచుకుంటూ, "నీళ్ళు! నీళ్ళు!" అంటూ నీడకు పరుగెత్తడం కెమెరాలన్నీ చూశాయి. ఇంకే సాక్ష్యం కావాలి? గార్డులు టెంటు కిందే పట్టుకున్నారు.

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టింది," అన్నాడు చీఫ్, సాయంత్రం ల్యాబుకు వచ్చి. "మిగతా ముఠా పేర్లన్నీ చెప్పేస్తోంది. డాక్టరు కావాలట!"

పిచ్చుక అరచెయ్యి అప్పటికే ఎర్రగా పొంగింది. డాక్టరమ్మ నీలంమూత తీసి, మెల్లగా క్రీము రాసింది. పెద్దావిడ పక్కన కూర్చుని, "నాకంటే ముందు నీకే దక్కింది నాయనా," అని మూతి తిప్పింది.

"ట్రయల్‌లో మొదటి పేషెంటు మీరే," అంది డాక్టరమ్మ. "రికార్డు చెయ్యాలి. మీ పేరు?"

అతను కాస్త ఆలోచించాడు. "నా దగ్గర చాలా ఉన్నాయి డాక్టరుగారూ. మీకు నచ్చింది ఒకటి రాసుకోండి."