పదిహేనో పేరు

ట్రంకు పెట్టె అడుగు దాకా వెదికింది జమున. చీరలన్నీ మంచం మీదికి వచ్చాయి, పెళ్లినాటి పట్టుచీరతో సహా. అడుగున పరిచిన పాత పేపరు కూడా ఎత్తి చూసింది. లేదు! కూతురు ప్రవళిక సర్టిఫికెట్లు పెట్టిన నీలం ఫైలు లేదు! పదో తరగతి మెమో మొదలు డిగ్రీ టీసీ దాకా ఆ పిల్ల చదివిన చదువంతా అందులోనే ఉంది... రెండో కౌన్సెలింగులో హైదరాబాదు యూనివర్సిటీలో సీటు వచ్చింది. శనివారం సాయంత్రంలోగా అసలు కాగితాలు చూపించి చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. ఇవాళ గురువారం. పైగా వచ్చే మంగళవారం నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, ఆ తర్వాత బస్సులు తిరుగుతాయో లేదో!

"మంచిగ చూడే అమ్మా! నా చేతులతోని గండ్లనే పెట్టిన!" అంది ప్రవళిక.

జమున నడుము పట్టుకుని లేచి వాకిలి వైపు చూసింది. భర్త దేవదాస్ గడప మీద కూర్చున్నాడు. పొద్దున ఇచ్చిన చాయ్ గ్లాసు అలాగే ఉంది, మీగడ కట్టి. ఇంట్లో ఇంత గోల జరుగుతుంటే ఏమైందని ఒక్క మాట అడగని మగవాడి దగ్గర ఏదో సంగతి ఉంటుందని పెళ్లయిన ఏ ఆడదానికి తెలియదు!

"నువ్వు తీసినవా?" అని అడిగింది.

అతడు తల ఎత్తలేదు. "తీసిన. సెంటర్ల ఇచ్చిన. ప్రవళిక పేరు రాయించిన జమునా... పదిహేనో పేరు."

ఆ మాట విని జమున అరవలేదు. చీరలన్నీ మళ్లీ ఒక్కొక్కటే మడతపెట్టి పెట్టెలో పెట్టడం మొదలుపెట్టింది.

దేవదాస్ కోరుట్ల శివారులోని పీజీ సెంటర్లో అటెండరు. పద్దెనిమిదేళ్లుగా రోజుకూలీ మీదే గంట కొడుతున్నాడు, గదులు ఊడుస్తున్నాడు, హాజరు పట్టీ మోస్తున్నాడు. అసలు యూనివర్సిటీ ఎక్కడో దూరాన ఉంది, ఇది దాని కొమ్మ. ఒకప్పుడు బెంచీలు చాలక పక్క బడి నుంచి మోసుకొచ్చేవారు! రెండేళ్లుగా బందులు, రాస్తారోకోలు, వాయిదా మీద వాయిదా పడే పరీక్షలు... తల్లిదండ్రులకు నమ్మకం సడలింది. స్తోమత ఉన్నవాళ్లు పట్నం పంపారు, లేనివాళ్లు పెళ్లి చేసి పంపారు. సెంటరుకు సర్కారు నిధులివ్వాలని యూనివర్సిటీ అంటుంది, మీ నిధులతోనే నడుపుకోండని సర్కారు అంటుంది. ఈ మధ్యలో అయిదు నెలలుగా జీతాలే లేవు. ఈ ఏడు ఇంకో ఆర్డరు వచ్చింది. ఎం.ఏ. ఎకనామిక్స్‌లో పదిహేను మంది చేరకపోతే కోర్సు ఎత్తేస్తారు, చేరినవాళ్లు మెయిన్ క్యాంపస్‌కు పోయి చదువుకోవాలి. చేరింది పద్నాలుగు మంది.

ఆ పద్నాలుగు మందిలో తొమ్మిది మంది దేవదాస్ ఇల్లిల్లూ తిరిగి ఒప్పించి తెచ్చిన ఆడపిల్లలే. కథలాపూర్, మెట్‌పల్లి, మధ్యలో ఊళ్లు... సైకిలు మీద ఎండలో తిరిగాడు. పోయిన ప్రతి ఇంట్లో ఒకటే మాట చెప్పాడు. "నా బిడ్డ గూడ గండ్లనే చదువుతది. మీ బిడ్డలు నాకు బిడ్డలసొంటోళ్లే."

"ర్యాంకు దూరమున్నది, పట్నంల సీటు రాదనుకున్న. వస్తదని నాకేమెరుక?" అన్నాడు ఇప్పుడు.

ప్రవళిక తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఫారం మీద నా సంతకం ఎవరు పెట్టిండ్రు బాపూ?"

దేవదాస్ చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. "నేనే..."

"నన్నడిగితె కాకపోవునా? నీ మాట కాదందునా నేను?"

ఆ పిల్ల ఏడ్చినా బాగుండేది! అంత మెల్లగా అడిగేసరికి తండ్రి గుండె తరుక్కుపోయింది. లోపల నులక మంచం మీద అతడి తల్లి రాజవ్వ అన్నీ వింటోంది. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయి తొమ్మిదేళ్లు. ఆమెకు తిండి పెట్టేదీ, ఒళ్లు తుడిచేదీ జమునే. అయినా అత్త నోట "ఏమే" అనే పిలుపు తప్ప ఇంకో పిలుపు ఆమె ఎరగదు.

మధ్యాహ్నం మెట్‌పల్లి నుంచి రాబియా బీ వచ్చింది. అక్కడ బట్టలు కుడుతుంది. ఆమె కూతురు తరన్నుమ్ ఆ తొమ్మిది మందిలో ఒకతి, ప్రవళికకు ఫోన్లో స్నేహితురాలు. చెమట తుడుచుకుని, ఇచ్చిన మంచినీళ్లు తాగి, రాబియా బీ నిదానంగా అడిగింది.

"దేవదాస్ భాయ్, నీ బిడ్డకు పట్నంల సీటచ్చిందట, ముబారక్. గని ఒక్క మాట... నీ బిడ్డకు పనికిరాని సెంటర్ నా బిడ్డకెట్ల పనికొస్తది?"

దేవదాస్ భుజం మీది తువాలు తీసి మడతపెట్టాడు.

"తరన్నుమ్ రోజు గా బస్సుల పోయొచ్చుడు వాళ్ల అబ్బాకు ముందునుంచే ఇష్టం లేదు. నీ మాట మీద ఒప్పుకున్నడు. నిన్న సంగతి ఎరుకై, వద్దే వద్దంటున్నడు. రేపు సెంటర్‌కొచ్చి కాయితాలు వాపస్ తీస్కుంట. కోపం చెయ్యకు భాయ్." ఆమె ముఖంలో కోపం లేదు, కూతురి చదువు ఆగిపోతున్న దిగులే ఉంది.

ఆమె వెళ్లిపోయింది. తరన్నుమ్ పోతే ఇంకొకరు పోతారు, వాళ్లను చూసి మరొకరు... కోర్సు పోతుంది. పట్నం పంపే స్తోమత లేని పిల్లలు బీడీల చాటల ముందు కూర్చుంటారు. దేవదాస్ ఉద్యోగం సంగతి సరేసరి!

ప్రవళిక తల్లి పక్కన చతికిలబడింది. "నేను పోనమ్మా. ఇక్కడ్నే చదువుత. ఎక్కడ చదివితే ఏంది..."

ఆ మాట జమున గుండెలో ఎక్కడో పాత గాయం మీద పడింది. అచ్చం అదే మాట! తొమ్మిదేళ్ల కింద తనన్న మాట! సిరిసిల్లలో సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య ఇంటర్ చదివిన పిల్ల తాను. పెళ్లయ్యాక చంటిదాన్ని చంకనేసుకుని ఆదివారం ఆదివారం జగిత్యాలకు పోయి ఓపెన్ డిగ్రీ పూర్తిచేసింది. ఎన్ని పరీక్షలు రాసిందో, ఎన్నాళ్లు ఎదురుచూసిందో... చివరికి అంగన్‌వాడీ సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. కాగితం చేతికందిన నెలలోనే అత్త పడిపోయింది. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. ఉండమని ఆమెను ఎవరూ అనలేదు. పొమ్మని కూడా అనలేదు! "నేను పోను" అని తానే అంది. ఆ మర్నాటి నుంచి బీడీలు చుట్టింది.

"వద్దు బిడ్డా..." కూతురి చేయి గట్టిగా పట్టుకుంది. "గా మాట నేనొక్కసారన్న. అందరు మెచ్చుకున్నరు. మెచ్చుకొని మర్శిపోయిండ్రు. నీకు గా మెప్పు వద్దు!"

దేవదాస్ ఉలిక్కిపడి భార్య వైపు చూశాడు. తొమ్మిదేళ్లలో ఆమె నోటి నుంచి ఇలాంటి మాట వినలేదతడు. తప్పు చేసినవాడిలా కాదు, తన తప్పు ఇంకొకటి కూడా ఉందని అప్పుడే తెలిసినవాడిలా చూశాడు.

"ఏమే!" నులక మంచం మీది నుంచి పిలుపు. "ఇటు రా. గా సంచి దించు."

మంచం తలాపున మేకుకు రాజవ్వ బైబిలు సంచి వేలాడుతుంటుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఆదివారాలు ప్రవళిక చదివి వినిపిస్తుంది. మిగతా రోజుల్లో ఆ సంచిని ఎవరూ ముట్టరు. జమున దించింది.

"పుస్తకం కింద జూడు."

బైబిలు కింద, అట్టకు అట్టకు మధ్య, పాలిథిన్ కవరు... అందులో మెమోలు. డిగ్రీ. టీసీ. అన్నిటి మీదా ఒకటే పేరు, జమున! కాగితాల అంచులు పసుపెక్కాయి, అంతే. ఒక్క మడత లేదు, ఒక్క చెద లేదు.

"నౌకరి వద్దన్ననాడు నువ్వు గివన్ని తీస్కపోయి కట్టెల మీద పడేసినవు. పొయ్యిల పెడ్తవేమోనని పొల్లతోని తెప్పిచ్చుకున్న," అంది రాజవ్వ. మాట కొంచెం ముద్దగా వస్తుంది ఆమెకు. "నా కోసమే గద ఆగినవు... నాకెరుక లేదా? నోట్లకెల్లి చెప్ప రాలె, అంతే. నాకు సదువు రాదు. ఏది దేవుని కాయితమో, ఏది నీ కాయితమో నాకేమెరుక? రెండూ ఒక్కకాడనే పెట్టిన."

జమున ఆ సంచిని గుండెలకు హత్తుకుని నేల మీద కూలబడిపోయింది. తొమ్మిదేళ్ల కన్నీళ్లు! ఒక్కసారిగా వచ్చాయి... వాటినెవరూ ఆపలేదు. ఆపాలని ఆ ఇంట్లో ఎవరికీ అనిపించలేదు.

కాసేపటికి ఆమె ముఖం తుడుచుకుని భర్తతో అంది. "పదిహేను పేర్లే గద కావలసింది? పదిహేనోది నా పేరు రాయించు. మా ఇంటిపిల్ల చదువుతదని ఊరంత చెప్పినవు. ఇంటామె చదువుతదని చెప్పు!"

"నువ్వా? నలభై దాటినంక..." అనబోయి దేవదాస్ ఆగాడు. కళ్లలో నీళ్లు నిండాయి. "రాయిస్త జమునా. నీ సంతకం మాత్రం నువ్వే పెట్టు."

శుక్రవారం పొద్దున సెంటరు ఇన్‌చార్జి సారు ఆ పసుపెక్కిన మెమోలను తిప్పి తిప్పి చూశాడు. సీట్లు మిగిలాయి గనుక ఎంట్రన్సు లేకుండానే చేర్చుకోవచ్చు, వయసు అడ్డు లేదు. "క్లాసుల పిల్లలు నవ్వుతరేమో అమ్మా," అన్నాడు. "నవ్వనియ్యుండ్రి సార్, క్లాసుల నిద్రన్న రాదు," అంది జమున. సారే నవ్వాడు. నీలం ఫైలు బీరువాలో నుంచి తీసి ప్రవళిక చేతికిచ్చాడు.

రాబియా బీ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. జమున ఆమె దగ్గరికి నడిచింది.

"అక్కా, నీకాడ దాచుడేంది? మా బిడ్డను పట్నం పంపుతున్న. ర్యాంకు కొట్టింది, పోతది. రేపు తరన్నుమ్‌కు ర్యాంకొస్తే నువ్వు గూడ ఆపకు. గని ఈ రెండేండ్లు నీ బిడ్డ పక్క బెంచీల నేను కూసుంట. మెట్‌పల్లి బస్సు దిగిన కాడికెల్లి మళ్ల ఎక్కేదాక నా కండ్ల ముంగటనే ఉంటది. గీ మాట తరన్నుమ్ అబ్బాకు చెప్పు."

రాబియా బీ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. ఆమె చేతివేళ్లను చూసింది. బీడీలు చుట్టి చుట్టి కాయలు కాచిన వేళ్లు. తన వేళ్ల మీదా సూది పోట్లు ఉన్నాయి.

"నువ్వు నడుమల మానేస్తే?"

"మానేసుడు ఒక్కసారైంది అక్కా. మళ్ల కాదు."

రాబియా బీ కొంగు సర్దుకుంది. "సరే బెహన్. గని నువ్వొక్కరోజు క్లాసు ఎగ్గొట్టినా తరన్నుమ్ నాకు చెప్తది, యాదుంచుకో!" అని మందలించి, కాగితాలు తీసుకోకుండానే బస్సెక్కింది.

ఆ మధ్యాహ్నమే ప్రవళిక తండ్రిని వెంటబెట్టుకుని పట్నం బయల్దేరింది. బస్సు కదిలేముందు కిటికీలోంచి తల్లి చేయి పట్టుకుంది. ఆ తర్వాత పక్కనున్న తండ్రి వైపు తిరిగి, "ఇంకోపారి నా సంతకం పెట్టకు బాపూ," అంది. "పెట్టను బిడ్డా," అన్నాడతడు. ఆమె తండ్రి భుజం మీద తల ఆనించడం జమున కింద నిలబడి చూసింది. ఆమెకు అది చాలు.

మంగళవారం సమ్మె మొదలైంది. సెంటరుకు తాళం పడింది. నలభై రోజులకు పైగా బస్సులు లేవు, బడులు లేవు. దేవదాస్ రోజూ దీక్షా శిబిరానికి పోయి కూర్చుని వచ్చేవాడు. తెలంగాణ వస్తే సెంటరుకు నిధులొస్తాయని అతడి ఆశ. వస్తే మంచిదే అనుకుంటూ జమున బీడీలు చుడుతూ, ప్రవళిక వదిలిపోయిన పుస్తకాలు తిరగేసింది.

నవంబరు మొదట్లో తాళం తీశారు. ఆ పొద్దున దేవదాస్ వరండాలో వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద గంట కొట్టాడు. పద్దెనిమిదేళ్లుగా కొడుతున్న గంటే, ఆ రోజు మాత్రం రెండు దెబ్బలు ఎక్కువ కొట్టాడు! తరన్నుమ్ పక్కన, మూడో బెంచీలో, జమున తలవంచుకుని కూర్చుంది. హాజరు పట్టీ సారు బల్ల మీద పెట్టి దేవదాస్ బయటికి పోవాలి. పోలేదు. గుమ్మం దగ్గరే ఆగాడు. పద్నాలుగు పేర్లు అయ్యాయి.

"జమున?"

"ప్రెజెంట్ సార్..." ఆడపిల్లలు వెనక్కి తిరిగి చూసి నవ్వారు, కానీ మంచిగానే నవ్వారు. దేవదాస్ భుజం మీది తువాలుతో ముఖం తుడుచుకుంటూ వరండాలోకి నడిచాడు.

జీతాల తగువు తేలలేదు. వచ్చే ఏడుకూ పదిహేను మంది కావాలన్న ఆర్డరు అలాగే ఉంది. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

సాయంత్రం జమున చాట ముందేసుకుని కూర్చోబోతే దేవదాస్ కత్తెర లాక్కున్నాడు. "ఆకు నేను కత్తిరిస్త. నువ్వు చదువు." అతడు కోసిన తునికాకు ఒక్కటీ సరిగ్గా రాలేదు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. జమున నవ్వాపుకుని పుస్తకం తెరిచింది. పెదవులు కదుపుతూ లోలోపలే చదువుకోసాగింది.

"నాకినబడేటట్టు చదువు," అంది మంచం మీది నుంచి రాజవ్వ.

"ఇది దేవుని పుస్తకం గాదత్తా. లెక్కలు, ధరలు... నీకు సమజ్ గాదు."

రాజవ్వ మంచి చేత్తో తలగడ సర్దుకుని, కోడలి వైపు ఒత్తిగిలింది.

"నాకు రెండూ ఒక్కటే. చదువు బిడ్డా..."