మూడో లైను చెక్క పెట్టె

హౌకిలంపి స్టేషన్లో మూడో లైనుకి మంచి పేరు లేదు. ఎలా ఉంటుంది? అది రైళ్ళు నడిచే లైను కాదు, రైళ్ళు చచ్చే లైను. నీళ్ళ టవరు వెనకాల అడవిలోకి కొంత దూరం వెళ్ళి ఆగిపోతుంది. కాలం చెల్లిన చెక్క పెట్టెల్ని అక్కడికి తోసి, నూనె పోసి అంటించేవాళ్ళు. చెక్కంతా బూడిదయ్యాక మిగిలిన ఇనుముని కొలిమికి పంపేవాళ్ళు.

స్టేషన్లో కాఫీ కౌంటర్ నాది. ఆ మంటలు నా కిటికీలోంచి కనబడేవి. చలికాలంలో మా వైపు మధ్యాహ్నం రెండింటికే దీపాలు పెట్టుకోవాలి. ఆ చీకట్లో మూడో లైను పక్కనుంచి ఒంటరిగా నడిచిన మగాణ్ణి నేను చూడలేదు. పొద్దున నా కౌంటర్ ముందు ఎలుగుబంటి కథలు చెప్పిన వీరులు కూడా, సాయంత్రమయ్యేసరికి ఊరంతా చుట్టి రోడ్డు మీంచే ఇంటికి పోయేవాళ్ళు.

పెట్టెలు కాలేటప్పుడు లోపల్నుంచి పిల్లల ఏడుపు వినబడుతుందని ఒకడు. బూడిదలో ఎవరివో అడుగులు చూశానని ఇంకొకడు. అవన్నీ వదిలేయండి. నేను చెప్పేది కాలకుండా మిగిలిన పెట్టె సంగతి. తైమి నా దగ్గర కూర్చుని చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను. చివరి ముక్క మాత్రం అక్కడున్నవాళ్ళందరూ చెప్పారు. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ కాఫీ మీరు తాగండి.

తైమి పట్టాలు బాగుచేసే గ్యాంగుకి వంట చేసేది. గ్యాంగు పడుకునేదీ, తినేదీ ఒక పాత చెక్క పెట్టెలో. ఒక చివర తైమి గది, వంట. మిగతా పొడుగంతా మగవాళ్ళ బల్లలు.

ఆ పెట్టె ఒకప్పుడు రాత్రి రైల్లో రాజధానికీ ఉత్తరానికీ మధ్య తిరిగింది. దాన్ని కట్టినవాళ్ళు వడ్రంగులు. మా దగ్గర ఇనుము తక్కువ, అడవి ఎక్కువ. అందుకని కింద చట్రం ఒక్కటే ఇనుముతో చేసి, దాని మీద నిలబెట్టిందంతా చెక్కతోనే చేశారు. బయట సన్నటి పైన్ పలకలు నిలువుగా, ఒకదాని అంచులోకి ఒకటి దిగేలా. లోపల మళ్ళీ ఒక చెక్క గోడ. రెండింటికీ మధ్య చలి రాకుండా రంపపు పొట్టు. కిటికీ తెరవాలంటే అద్దం చట్రాన్ని తోలు పట్టీతో పట్టుకుని కిందికి వదిలితే గోడ సందులోకి దిగిపోతుంది. నడిమధ్యన ఇనప పొయ్యి. బయట సున్నాకి కింద నలభై డిగ్రీల చలిలో, లోపల చొక్కాతో కూర్చుని పేకాడుకుంటూ ప్రయాణం చేసేవాళ్ళం. ఇప్పుడొచ్చిన నీలం ఇనప పెట్టెల్లో ఎక్కితే డబ్బాలో చేపల్లా ఉంటుంది. అది ప్రయాణమని ఎవరంటారో వాళ్ళతో నాకు మాటల్లేవు.

సరే. ఆ చలికాలం ఆ పెట్టె గోడ కొట్టుకోవడం మొదలుపెట్టింది.

నాలుగో కిటికీ కింద. గోడ లోపల్నుంచి. టక్... కాసేపు ఏమీ ఉండదు... మళ్ళీ టక్. ఎవరో వేలి కణుపుతో తలుపు తడుతున్నట్టు.

యుద్ధం చివర్లో, శత్రువుకి వదులుకున్న సరిహద్దు నేల కరేలియా వాళ్ళని ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించి తెచ్చింది ఈ చెక్క పెట్టెల్లోనే. ఆ నాలుగో కిటికీ పక్కన ఒక ముసలావిడ కూర్చుందనీ, దార్లోనే ప్రాణం పోయిందనీ, తన ఊళ్ళో దించమని ఇప్పటికీ తడుతోందనీ గ్యాంగులో కథ పుట్టింది. ఎవరు పుట్టించారో తెలీదు. యాల్మరి అనే వాడు మాత్రం ఒకరోజు బూట్లు లేకుండా మేజోళ్ళతో మంచులో పరిగెత్తుకుంటూ నా కౌంటర్ దాకా వచ్చాడు. గొడ్డలితో ఒక్క దెబ్బకి చెట్టు పడగొట్టే మనిషి. నేనిచ్చిన కాఫీ సగం నేల మీద పోశాడు.

వారం తిరక్కుండా గ్యాంగంతా పరుపులు చుట్టుకుని ఊళ్ళో షెడ్డుకి పోయింది. ఎవరూ పడుకోని పెట్టె ఎందుకని పైవాళ్ళు దాన్ని మూడో లైనుకి తోయించారు. తైమితో సహా.

గ్యాంగు మేస్త్రీ కాలెవి ఆ సాయంత్రం వచ్చి పెట్టె మెట్టు మీద నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"సామాను సర్దుకో తైమీ. రేపు పొద్దున్నే అంటిస్తాం."

"అంటించండి. నేను లోపలే ఉంటాను. బాగా మండుతుంది, నాలో కొవ్వుంది."

"వేళాకోళం కాదు. పైనుంచి మాటొచ్చింది. నీకు మునిసిపాలిటీ వాళ్ళు గది ఇస్తారు. వెచ్చగా ఉంటుంది, పంపు తిప్పితే నీళ్ళు..."

"కరేలియాలో మా ఊళ్ళో నాకు ఇల్లుండేది. తగలబెడితే రైలు కిటికీలోంచి చూశాను. నా కళ్ళ ముందు ఇంకో ఇల్లు తగలబెడతానంటావు, పైగా పంపు తిప్పితే నీళ్ళంటావు. నీకు సిగ్గుందా కాలెవీ?"

కాలెవి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అతనూ చెడ్డవాడు కాదు. "మావాళ్ళు వచ్చి పడుకుంటామంటే ఈ పెట్టె జోలికి ఎవడూ రాడు. వాళ్ళు రారు. నేనేం చెయ్యను?"

"గోడలో తట్టేదెవరో తెల్లారేసరికి కనిపెడతాను. కనిపెడితే మీవాళ్ళని వెనక్కి తీసుకొస్తావా?"

"కనిపెట్టలేకపోతే?"

"అగ్గిపుల్ల నేనే గీస్తాను. ఇక పో, తలుపు మధ్యలో నిలబడి వెచ్చదనమంతా బయటికి పంపుతున్నావు."

అతను వెళ్ళిపోయాడు. చుట్టుపక్కల మనిషి లేడు. పక్కనే నిన్న కాల్చిన పెట్టె ఇనప ఎముకలు. అడవి... మంచు... అంతే.

తైమి పొయ్యి నిండా బర్చ్ చెట్టు కట్టెలు వేసింది. నాలుగో కిటికీకి ఎదురుగా బల్ల మీద కూర్చుంది. ఒళ్ళో పొయ్యి కెలికే ఇనప కడ్డీ. భయం వేసిందా అని అడిగాను. "వేసింది. అయితే ఏంటి?" అంది.

గోడ పలకలేదు. చాలాసేపు చూసింది. పొయ్యి బుసలు తప్ప ఏమీ లేదు. కిటికీ మీద పేరుకున్న మంచు కరిగి ధారలు కడుతోంది. వెచ్చదనానికి కళ్ళు బరువెక్కాయి...

మెలకువ వచ్చేసరికి చీకటి. పొయ్యి ఆరిపోయింది. ముక్కు చివర చలి కొరుకుతోంది. ఎందుకు మెలకువ వచ్చిందా అనుకుంది.

టక్.

ఊపిరి బిగపట్టింది.

టక్... టక్.

"ఎవరు?" గొంతు గుసగుసలాగే వచ్చింది. దాంతో తన మీద తనకే కోపం వచ్చిందట. లేచి నిలబడి గట్టిగా అంది — "మావాళ్ళయితే రా. పరాయివాళ్ళయినా రా. ఈ తట్టడం మాత్రం ఆపు. వినీ వినీ విసుగొచ్చింది నాకు."

తడుముకుంటూ వెళ్ళి నాలుగో కిటికీ కింద అరచెయ్యి ఆనించింది. చెక్క మంచులా ఉంది. అలాగే నిలబడింది...

చేతి కిందే కొట్టుకుంది. టక్. అరచేతికి తగిలింది.

ఎవరైనా అక్కడితో పారిపోయేవాళ్ళు. నేనైతే తలుపు కూడా తియ్యను, అద్దంలోంచి దూకేదాన్ని. తైమి దీపం వెలిగించింది. ఇనప కడ్డీ మొన పలకల సందులో దూర్చి, కాలు గోడకి తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగింది. పలక విరిగి ఊడొచ్చింది.

లోపల ఐసు.

అద్దం దిగే సందు అడుగునంతా, ఉబ్బిపోయిన నీలం ఐసు గడ్డ. పొయ్యి వెలుగుతున్నంతసేపూ కిటికీ మీద మంచు కరిగి ఆ సందులోకి కారుతుంది. పొయ్యి ఆరగానే గడ్డకట్టి, ఉబ్బి, చెక్కని బయటికి తోస్తుంది. చెక్క టక్ మంటుంది. మరి వడ్రంగులు ఇది ఆలోచించలేదా? ఆలోచించారు. నీళ్ళు బయటికి పోవడానికి అడుగున కన్నం పెట్టారు. ఆ కన్నంలోంచి గాలి వస్తోందని గ్యాంగులో ఎవడో పాత మేజోడు కుక్కాడు.

తైమి నేల మీద కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్విందట. నవ్వుతుంటే ఇంకో సంగతి వెలిగింది. పొయ్యి ఆరితేనే చప్పుడు. గ్యాంగులో రాత్రి పొయ్యి చూడ్డానికి వంతులున్నాయి. చప్పుడయిన ప్రతి రాత్రీ వంతువాడు నిద్రపోయాడన్నమాట. లేవగానే గబగబా కట్టెలు పడేసి, కన్ను మూయలేదని ఒట్లు పెట్టాడన్నమాట. మా మగవాళ్ళు దెయ్యానికి భయపడ్డామని నలుగురిలో ఒప్పుకుంటారు. పనిలో నిద్రపోయామని మాత్రం చచ్చినా ఒప్పుకోరు.

ఐసంతా పగలగొట్టి బయట పారేసింది. మేజోడు పీకేసింది. పొయ్యి మళ్ళీ వెలిగించి, నిబ్బరంగా పడుకుని నిద్రపోయింది.

పొద్దున చీకటితోనే వాళ్ళు వచ్చారు. కాలెవి, యాల్మరి, నూనె డబ్బాలతో ఇంకో ఇద్దరు. తైమి అప్పుడే కట్టెల కోసం దిగింది. చేతుల నిండా కట్టెలతో మెట్టు ముందు ఎదురుపడింది.

"యాల్మరీ, నువ్వు మేజోళ్ళతో పరిగెత్తిన రోజు పొయ్యి వంతు ఎవరిది?"

"నాదే తైమక్కా."

"నిద్రపోయావా?"

"లేదు. కన్ను మూస్తే ఒట్టు."

ఆవిడ కట్టెల మీద పెట్టుకొచ్చిన మేజోడు తీసి వాడి ముఖం ముందు ఆడించింది. "ఇది ఎవరిది? కన్నంలో కుక్కింది ఎవరు?" జరిగిందంతా చెప్పింది. యాల్మరి చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు బూట్లతో మంచు తన్నాడు.

"కొంచెం... రెప్ప పడిందక్కా."

"గట్టిగా చెప్పు. మేస్త్రీకి వినబడలేదు."

"నిద్రపోయాను."

కాలెవి పగలబడి నవ్వాడు. నూనె డబ్బాల వాళ్ళూ నవ్వారు. మేస్త్రీ డబ్బాలు కింద పెట్టించి, "షెడ్డుకి పోయి పరుపులు తెండిరా దద్దమ్మల్లారా, పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను," అన్నాడు. తైమి కట్టెలు గట్టిగా గుండెకి హత్తుకుందట, అంతే.

"ఆ ఐసు సంగతి నేనూ చూస్తాను," అని కాలెవి మెట్టెక్కి తలుపు తీశాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తైమీ..."

"ఏంటి?"

"ఉండడానికి ఇంత పోరాడావు. మరి నేల ఎందుకు కడిగావు?"

తైమి అతన్ని పక్కకి నెట్టి చూసింది.

ఈ చివర నుంచి ఆ చివర దాకా నేల తడిగా మెరుస్తోంది. పలకలు తెల్లగా తోమి ఉన్నాయి. పొయ్యి దగ్గర ఆవిరి లేస్తోంది. విరిగిన చెక్క పేళ్ళూ, బూడిదా, ఇందాక బయటికొచ్చేటప్పుడు ఆవిడే తొక్కి పెట్టిన మరకలూ... ఒక్కటి లేదు. నాలుగో కిటికీ కింద గుడ్డ మడిచి పెట్టి ఉంది.

మధ్యలో ఎవరూ లోపలికి వెళ్ళే వీల్లేదు. అందరూ ఇంతసేపూ తలుపు ముందే నిలబడి ఉన్నారు. యాల్మరి అవతలి తలుపు దాకా పరిగెత్తి చూసొచ్చాడు. మెట్ల మీద మంచు చెదరలేదు. నీళ్ళ బకెట్ గుమ్మం బయటే ఉంది — అడుగుదాకా గడ్డకట్టి.

కరేలియా వాళ్ళ సంగతి మీకు తెలీకపోవచ్చు. ఊరు వదిలి వచ్చేటప్పుడు ఆ ఆడవాళ్ళు ఇళ్ళు కడిగి వచ్చారు. వాకిట్లో బండి ఆగి ఉంది, దూరంగా ఫిరంగులు పేలుతున్నాయి. మళ్ళీ అడుగుపెట్టని ఇల్లని తెలుసు. అయినా మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా తోమి, గుడ్డ మడిచి పెట్టి, తలుపు చేరవేసి బండెక్కారు. తైమి వాళ్ళమ్మా అలాగే చేసింది. తైమి పక్కన కూర్చుని నీళ్ళు అందించింది. కడిగారంటే వెళ్ళిపోతున్నట్టు.

నూనె డబ్బాల వాళ్ళలో ఒకడు, ఇక అంటించక తప్పదన్నట్టు, నెమ్మదిగా వంగి డబ్బా మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

తైమి ముఖం తెల్లగా పాలిపోయిందని కాలెవి చెప్పాడు. మా దేశంలో బూట్లు విప్పకుండా ఎవరూ ఇంట్లో అడుగు పెట్టరు. తైమి పెట్టెలో అయితే మరీనూ. అలాంటి మనిషి పక్కనున్న బూడిద కుప్పలోకి మడమల దాకా దిగి, తొక్కి, మళ్ళీ మెట్టెక్కింది.

ఆ తెల్లటి నేల మీద నడిచింది. బూట్లతోనే. ఒక్కో అడుగూ గట్టిగా వేస్తూ, నల్లటి మరకలు పెట్టుకుంటూ నాలుగో కిటికీ దాకా వెళ్ళింది. మడిచిన గుడ్డ తీసి పొయ్యిలో పడేసింది. తర్వాత ఖాళీ బల్ల వైపు తిరిగింది.

"అమ్మమ్మా," అంది. "బాగా కడిగావు. మా అమ్మ కడిగినట్టే కడిగావు. కానీ ఆ కడగడం ఒకసారి అయిపోయింది. ఇక ఎవరూ ఇల్లు ఖాళీ చెయ్యటం లేదు. నువ్వూ కూర్చో."

తర్వాత గుమ్మం వైపు తిరిగింది. అక్కడ యాల్మరి వంగి బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు.

"విప్పకు," అంది తైమి. "మసితోనే రా."